సందేహం తీరేదాకా ఆ పేజీని ఆపండి: క్యాన్సర్ పరిశోధనా పత్రికలకు ఒక ప్రూఫ్ రీడర్ బహిరంగ లేఖ

క్యాన్సర్ చికిత్సల మీద పరిశోధనా వ్యాసాలు వేసే పత్రికల సంపాదకులకు, ప్రచురణ సంస్థల నిర్వాహకులకు,

నమస్కారం.

కొత్త మందు గురించి ప్రపంచానికి తెలిసేది మీ పత్రికల ద్వారానే. ఆ పనిలో నాకూ ఒక మూల చోటుంది. పద్నాలుగేళ్లుగా క్యాన్సర్ వ్యాసాలకు ప్రూఫులు దిద్దుతున్నాను. ఒక వ్యాసంలోని తప్పు గురించి ఏడు నెలల్లో ఒక పత్రికకు నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి ఆటోమేటిక్ రిప్లై వచ్చింది. మిగతా మూడింటికి అదీ లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. ఆ పత్రిక పేరు చెప్పను. ఇది ఆ ఒక్క పత్రికకున్న జబ్బు కాదు.

జరిగింది ఇదీ. ఊపిరితిత్తుల క్యాన్సర్ కీమోథెరపీ మీద ఒక వ్యాసం ప్రూఫుకు వచ్చింది. లోపల మెథడ్స్ (పరిశోధన ఎలా చేశారో చెప్పే) భాగంలో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు డోసు సరిగ్గానే ఉంది: శరీర ఉపరితలం చదరపు మీటరుకు రోజుకు 25 మిల్లీగ్రాములు, మొదటి రోజు నుంచి మూడో రోజు దాకా. అంటే సైకిల్ (ఒక విడత చికిత్స) మొత్తానికి 75. టేబుల్ 2లో మాత్రం డోసు గడిలో 75 అని ఉంది, పక్కన రోజుల గడిలో 1–3 అని ఉంది. ఎవరో మొత్తం డోసు వేసి, పక్క గడిని అలాగే వదిలేశారు. టేబుల్ ఒక్కటే చూసేవాళ్లకు అది రోజుకు 75 చొప్పున మూడు రోజులు, అంటే 225. సిస్‌ప్లాటిన్ ఒక సైకిల్‌లో 100 దాటడమే అరుదు. దాటితే మరోసారి సరిచూసుకోమని ఆ మందు సమాచార పత్రంలోనే హెచ్చరిక ఉంటుంది. మోతాదు మించితే కిడ్నీలు పాడవుతాయి, వినికిడి పోతుంది, ప్రాణమే పోవచ్చు.

ప్రూఫు అంచున క్వెరీ (రచయితకు ప్రశ్న) రాశాను: "టేబుల్ 2లో 75 రోజుకా, సైకిల్‌కా? మెథడ్స్‌తో కలవడం లేదు. రచయితను అడగగలరు." మర్నాడు పత్రిక నుంచి నాకు జవాబొచ్చింది. ప్రూఫ్ రీడర్లు భాష, స్టైల్ వరకే చూడాలట, శాస్త్ర విషయం రచయితల బాధ్యతట. సరే, రచయితల బాధ్యతే. మరి రచయితకు ఆ క్వెరీ పంపారా? పంపలేదు. నా క్వెరీ తీసేసిన ప్రూఫు ఆయనకు వెళ్లిందని తర్వాత తెలిసింది. వ్యాసం అలాగే వచ్చేసింది.

తెలుగులో అచ్చుతప్పును ముద్రారాక్షసం అంటాం. వార్తలోనో కథలోనో వస్తే నవ్వుకుని వదిలేస్తాం. డోసుల టేబుల్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం నాకు ఆ మాటలో రాక్షసమే కనిపిస్తుంది.

"ఆస్పత్రిలో ఫార్మసిస్టు ఉంటారు, నర్సు ఉంటారు, ఇంత పెద్ద తప్పు ఎవరో ఒకరు పట్టుకుంటారు" అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే, చాలాసార్లు పట్టుకుంటారు. కానీ 1994లో ఏం జరిగిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో బెట్సీ లేమన్ రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నారు. ఆమె బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్య విషయాలు రాసే జర్నలిస్టు, వయసు 39. సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందును నాలుగు రోజుల మొత్తం కింద చదరపు మీటరుకు 4 గ్రాములు ఇవ్వాలి. ఆ మొత్తాన్నే ఒక్కో రోజు డోసుగా చదువుకున్నారు. నాలుగు రోజులూ నాలుగు రెట్లు ఇచ్చారు. డిసెంబర్ 3న ఆమె చనిపోయారు. అదే తప్పు ఇంకో పేషెంటుకూ జరిగింది. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు అందరూ ఉన్న చోటే ఇది జరిగింది. తప్పు బయటపడింది రెండు నెలలు దాటాక, 1995 ఫిబ్రవరిలో. పట్టుకున్నది పరిశోధన రికార్డులు సరిచూస్తున్న డేటా క్లర్కు.

మొత్తం డోసా, రోజు డోసా? మా టేబుల్ 2లో ఉన్న తికమక అచ్చంగా ఇదే. ఆ క్లర్కు చేసిన పని, నేను చేసే పని ఒకటే: ఒక అంకెను ఇంకో అంకెతో పోల్చి చూడడం. తేడా ఏమిటంటే మేం చూసేది అచ్చుకు ముందు. ఇంకా ఎవరికీ ఏమీ కాకముందు.

ఈ తప్పులు ఎవరి మీద పడుతున్నాయో వరుసగా చెబుతాను.

1. మొదట, మందు ఎక్కించుకునే మనిషి మీద. ఫైలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఫాంటు పోయి గ్రీకు 'మ్యూ' అక్షరం ఇంగ్లీషు 'ఎం'గా మారిపోతుంది. మైక్రోగ్రాము మిల్లీగ్రాము అవుతుంది, అంటే వెయ్యి రెట్లు. దశాంశ బిందువు ముందు సున్నా లేకపోతే .5 అన్నది 5లా కనబడుతుంది. 5 చాలిన చోట 5.0 అని వేస్తే ఆ చుక్క మసకబారి 50 అవుతుంది. ఇవి మాకు రోజూ ఎదురయ్యేవే. ఇరుకు గడుల సంగతి ఇంకా ఘోరం. ట్రాస్టుజుమాబ్ ఒక మందు. ట్రాస్టుజుమాబ్ ఎమ్టాన్సిన్ వేరే మందు. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ ఇంకో మందు. మూడు వారాలకొకసారి ఇచ్చేటప్పుడు మొదటిదాని మామూలు డోసు కిలోకు 6 మిల్లీగ్రాములు (తొలిసారి 8), రెండోదానికి 3.6, రొమ్ము క్యాన్సర్‌లో మూడోదానికి 5.4. గడి ఇరుకని పేరులో రెండో మాట కోసేస్తే మందే మారిపోతుంది. ఈ తికమకకు భయపడే 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ రెండోదానికి ముందు 'ఆడో' అని తగిలించి అనుమతిచ్చింది. వాళ్లు అంత ఆలోచించి పెట్టిన మాటను మనం గడిలో పట్టలేదని తీసేస్తున్నాం.

2. రాత్రిపూట ఫోనులో మీ వ్యాసాల సారాంశాలు చదివే కుటుంబాల మీద. వాళ్లను మీరు పాఠకులుగా లెక్కేసుకోరేమో. మా అక్కకు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మొదలుపెట్టే ముందు నేనూ అలాగే చదివాను. చేతులు, కాళ్లు తీవ్రంగా మొద్దుబారడం 3 శాతం మందిలో అని ఒక వ్యాసం సారాంశంలో ఉంది. "భయపడకు, నూటికి ముగ్గురికే" అని అక్కకు చెప్పాను. నాలుగో సైకిల్ తర్వాత తను చొక్కా గుండీలు పెట్టుకోలేక మంచం అంచున కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత మొత్తం వ్యాసం తెప్పించి చదివాను. టేబుల్‌లో 13 ఉంది. సారాంశంలో ముందున్న 1 ఎక్కడో రాలిపోయింది. 13 అని తెలిసినా అక్క ఆ మందు తీసుకునేదేమో. కానీ తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు. ఇది నా చదువు, నా వృత్తి. అయినా సారాంశం దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఆ రాత్రి నేను ప్రూఫ్ రీడర్‌ని కాదు, చెల్లెల్ని.

3. మందును మనుషుల మీద పరీక్షించే ట్రయల్‌లో చేరిన వాలంటీర్ల మీద. వాళ్లు తమ శరీరాన్ని మనకు అప్పగించారు. పోయినేడాది ఒక ప్రూఫులో చికిత్స వల్ల మరణాలు వ్యాసంలో 3, టేబుల్‌లో 2. ఇంకోదానిలో 312 మంది చేరారని రాసి, ఒక గ్రూపులో 156, రెండో గ్రూపులో 155 చూపించారు. ఆ మూడో మరణం ఎవరిది? ఆ మిగిలిన ఒక్కరు ఏమయ్యారు? మీ దృష్టిలో అది అంకెల తేడా. ఎవరో ఒక ఇంట్లో అది తండ్రో తల్లో. ట్రయల్ వివరాలు ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ నియమావళి 1996 నుంచీ ఉంది. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు అన్నది ఒక పటంలో చూపించమని అది అడుగుతుంది. ఆ పటంలోని అంకెలు కూడితే సరిపోతున్నాయో లేదో ప్రచురణకు ముందు కూర్చుని కూడే మనిషి ఎవరని మీ ఆఫీసులో అడిగి చూడండి.

4. ఆ వ్యాసం మీద ఆధారపడే తర్వాతి పరిశోధన మీద, దాని ద్వారా ఇంకెంతమంది మీదో. ఒక్క ఉదాహరణ చాలు. స్టాండర్డ్ డీవియేషన్ (ఒక్కొక్కరి ఫలితాలు సగటుకు ఎంత దూరంగా ఉన్నాయో చెప్పేది) అని రాయాల్సిన గడిలో స్టాండర్డ్ ఎర్రర్ (ఆ సగటే ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేది) అంకె పడిందనుకోండి. వంద మంది ఉన్న అధ్యయనంలో రెండోది మొదటిదాంట్లో పదో వంతే. అంకె ఎంత చిన్నదైతే ఫలితం అంత ఖచ్చితమని లెక్క. పది అధ్యయనాలను కలిపి లెక్కకట్టేవాళ్లు ఆ అంకెను నమ్మితే ఈ ఒక్క అధ్యయనానికి ఉండాల్సిన దానికన్నా వంద రెట్ల బరువు వస్తుంది. మిగతా తొమ్మిదింటి గొంతు వినబడదు. ఆ లెక్క ఆధారంగా మార్గదర్శకాలు రాస్తే ఆ తప్పు ఊపిరి పోసుకుని తిరుగుతుంది.

జన్యువుల జాబితాలదీ అదే కథ. సెప్టిన్ జన్యువుకు పెట్టిన పొట్టి పేరు 'సెప్ట్2'ను ఎక్సెల్ సెప్టెంబర్ 2 అనుకుని తేదీగా మార్చేసేది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన వ్యాసాల్లో ఇంచుమించు ఐదింట ఒకదానిలో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. చివరికి 2020 నాటికి ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేసే ఒక మార్పు వల్ల శాస్త్రం తన పేర్లు మార్చుకుందంటే నాకు బాధగా ఉంటుంది.

ఇంకా పెద్దది డ్యూక్ విశ్వవిద్యాలయం వ్యవహారం. కణితి జన్యువులను బట్టి ఏ పేషెంటుకు ఏ కీమో పనిచేస్తుందో ముందే చెప్పొచ్చని 2006లో వ్యాసం వచ్చింది. కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు దాన్ని వరుసవరుసగా తిరగేశారు. వాళ్లు పట్టుకున్న తప్పుల్లో ఒకటి ఏమిటంటే, జన్యువుల జాబితా ఒక వరుస కిందికి జారింది. ఇంకోటి, మందు పనిచేసే కణాలకు, పనిచేయని కణాలకు లేబుళ్లు తారుమారయ్యాయి. 2009లో ఇదంతా విడమరిచి ప్రచురించారు. ఈలోపు ఆ పద్ధతిని నమ్మి పేషెంట్లను ట్రయల్స్‌లో చేర్చుకున్నారు. వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నది 2011లో. అది వట్టి పొరపాటు కాదని, పరిశోధనలో దుష్ప్రవర్తన జరిగిందని తర్వాత తేలింది. ప్రూఫ్ రీడర్ ఉంటే అదంతా ఆగేదని నేననను. వరుస జారిందని చెప్పినవాళ్ల మాట వినడానికి ఏళ్లు పట్టింది, నా బాధ అదీ.

5. సవరణ చూడని డాక్టరు మీద, ఆ డాక్టరు దగ్గరున్న పేషెంటు మీద. సవరణ వేసినా అది విడిగా, వేరే పేజీలో ఉంటుంది. అప్పటికే పీడీఎఫ్ దించుకున్నవాళ్ల దగ్గర పాతదే ఉంటుంది. అందుకే ముందే ఆపడం మీద నాకింత పట్టుదల.

ఇక "ప్రూఫ్ రీడర్లకు శాస్త్రం తెలియదు" అన్న మాట. మేం డాక్టర్లం కామని మాకు తెలుసు. మందు మార్చమని మేం అనం, వాక్యం కూడా మా అంతట మేం మార్చం. అడుగుతాం, అంతే. అడగడానికి కావాల్సింది ఓపిక, ఒక కాలిక్యులేటర్. హజార్డ్ రేషియో (రెండు చికిత్సల్లో ముప్పు ఏ నిష్పత్తిలో ఉందో చెప్పే అంకె) 0.70, దాని హద్దులు (అసలు విలువ ఉండొచ్చనుకునే కనిష్ఠం, గరిష్ఠం) 0.56 నుంచి 0.88 అని ఉందనుకోండి. 0.56ను 0.88తో గుణించి వర్గమూలం తీస్తే 0.70 రావాలి, వస్తుంది. అదే 0.70 ఉండాల్సిన చోట 0.78 అని అచ్చయితే మూడిట్లో ఏదో ఒకటి తప్పు. ఏది తప్పో నాకు తెలియదు, రచయితకు తెలుస్తుంది. ఆ ప్రశ్న రచయిత దాకా వెళ్లనివ్వండి. 60 మందిలో 24 మంది అంటే 40 శాతం, 44 ఎలా అయింది? 'నాన్-ఇన్ఫీరియర్' అన్న మాటలో 'నాన్' పంక్తి చివర ఊడిపోయిందా? కొత్త చికిత్స పాతదానికి తీసిపోదు అనాల్సింది తీసిపోతుంది అయిపోయిందే! ఇవి చూడడం శాస్త్రంలో వేలు పెట్టడమా?

కొన్నాళ్లుగా భాషను మెరుగుపరిచే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటిని వద్దనను. కానీ అవి ఒక్కోసారి 'జబ్బు ముదరకుండా బతికిన కాలం' అన్న చోట 'బతికిన కాలం' అని క్లుప్తం చేస్తాయి. క్యాన్సర్‌లో ఆ రెండూ ఒకటి కావు. కణితి తగ్గింది అంటే నయమైంది అని రాస్తాయి. కాపీ దొరక్కుండా మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ల వల్ల 'బ్రెస్ట్ క్యాన్సర్' అన్న మాట 'బూజమ్ పెరిల్' అయి అచ్చులోకి వచ్చేసిందని 2021లో పరిశోధకులు బయటపెట్టారు. రొమ్ము క్యాన్సర్‌ను 'ఎదకు ఆపద' అని రాసినట్టు. ఆ వ్యాసాన్ని అచ్చుకు ముందు ఒక్క మనిషి మొదటి నుంచి చివరి దాకా చదివి ఉంటే అది బయటికి వచ్చేదా?

మేం కోరేవి ఇవి.

1. డోసు, యూనిట్, రోజులు, మందు పేరు, మరణాల సంఖ్య. ఈ ఐదింటి మీద ప్రూఫ్ రీడర్ రాసిన క్వెరీని మధ్యలో ఎవరూ తీసేయకూడదు. అక్షరం పొల్లు పోకుండా రచయితకు చేరాలి. రచయిత నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఆ పేజీ కదలకూడదు. మిగతా కోరికలన్నీ పక్కన పెట్టినా దీన్ని మాత్రం వదలను.

2. చికిత్స టేబుళ్లలో రోజు డోసుకు ఒక గడి, ఏయే రోజులో ఒక గడి, సైకిల్ మొత్తానికి ఒక గడి విడిగా ఉండాలి. మైక్రోగ్రాము అని పూర్తిగా రాయాలి. మందు పేరు కోయకూడదు. గడి పట్టకపోతే గడిని పెంచండి.

3. డోసుల టేబుల్‌ను ఇద్దరు చదవాలి. ఒకరు మూలప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి. ఇది పాత పద్ధతే. కళ్లు దాటేసిన సున్నా చెవికి దొరుకుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి మానేశారు.

4. గడువు. చాలా చోట్ల రచయితకు ప్రూఫు చూసుకోవడానికి 48 గంటలే ఇస్తున్నారు. పగలంతా వార్డులో ఉండే డాక్టరు ఆ రెండు రాత్రుల్లో ఏం చూస్తారు? మాకు కూడా పేజీల లెక్కన టైం ఇస్తున్నారు. ఆరు పేజీల వ్యాసంలో తొమ్మిది టేబుళ్లుంటే అది ఆరు పేజీల పని కాదు. ట్రయల్ వ్యాసాలకు టేబుళ్లను బట్టి గడువు ఇవ్వండి.

5. సాఫ్ట్‌వేర్ చేసిన ప్రతి మార్పూ గుర్తు పెట్టి చూపించాలి. మాకూ, రచయితకూ.

6. అచ్చయిన వ్యాసంలో డోసు తప్పుందని ఎవరు రాసినా వారంలో మనిషి రాసిన జవాబు రావాలి. పరిశీలన జరుగుతోందని ఆ వ్యాసం పైనే అందరికీ కనబడేలా వెంటనే నోటీసు పెట్టాలి. నెలలోగా సవరణో, తప్పు లేదన్న వివరణో రావాలి. నేను కొత్తగా కోరుతున్నదేమీ లేదు. మీలో చాలామంది పాటిస్తామని చెప్పుకునే ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) సిఫార్సులు కూడా వాస్తవ దోషం ఉంటే వీలైనంత త్వరగా సవరణ ప్రకటించాలనే అంటున్నాయి. ఏడు నెలలు వీలైనంత త్వరగా అవుతుందా?

రచయితలైన డాక్టర్లకు ఒక్క మాట. ప్రూఫు వచ్చినప్పుడు మీ పేరు, సంస్థ పేరు సరిగ్గా పడ్డాయో లేదో చూసి పంపేయకండి. టేబుళ్లు మీరే చూడండి. మా క్వెరీలు మీకు చేరుతున్నాయా అని పత్రికను అడగండి. మీరు అడిగితే వాళ్లు కాదనలేరు.

తోటి ప్రూఫ్ రీడర్లకు: మీరు రాసిన క్వెరీలకు కాపీ దాచుకోండి. చాలామందిమి కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాం, ఎక్కువ అడిగితే మళ్లీ పని రాదని భయం. ఆ భయం నాకూ ఉంది. అందుకే ఏడు నెలలు ఉత్తరాలతో సరిపెట్టాను.

ఈ లేఖ ముగించే ముందు ఆ వ్యాసం మళ్లీ తెరిచి చూశాను. టేబుల్ 2లో 75 అలాగే ఉంది, పక్క గడిలో 1–3 అలాగే ఉంది, పైన ఏ నోటీసూ లేదు. మూల రచయిత చిరునామా సంపాదించి మొదటి రోజు రాసిన క్వెరీనే ఆయనకు నేరుగా పంపాను. సంపాదకుడికి ఐదో ఉత్తరం పంపాను. జవాబు కోసం ఎదురు చూస్తున్నాను.

ఇట్లు,
క్యాన్సర్ వ్యాసాలు దిద్దే ఒక ప్రూఫ్ రీడర్